మీసం కింద దాగిన మాట

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా మీసానికున్న మర్యాద మీకు తెలియనిది కాదు. కె.సి. కాలువలో నీళ్లు రాలేదంటే ఆఫీసరును నిలదీసే మగమహారాజు, తనకు మూత్రం సరిగ్గా రావటం లేదని డాక్టరుకు చెప్పటానికి మాత్రం సిగ్గుపడతాడు! రాత్రి నాలుగుసార్లు లేస్తాడు. "ఏమైందండీ?" అంటే, "వయసు గదా, నువ్వు పడుకోమే" అంటాడు. గొళ్లెం చప్పుళ్లు లెక్కపెట్టేది మనమే.

మగవాళ్లకు మూత్రాశయం కింద అక్రోటు కాయంత గ్రంథి ఉంటుంది. దాని పేరు ప్రోస్టేటు. వయసుతో అది పెరగటం మామూలే. పెరిగిందల్లా క్యాన్సరు కాదు. కాని క్యాన్సరైతే మొదట్లో ఏ బాధా పెట్టకుండా ఊరుకోవచ్చు. అందుకే 50 దాటాక, తండ్రికో అన్నదమ్ములకో వచ్చివుంటే ఇంకా ముందే, పి.ఎస్.ఎ. రక్తపరీక్ష అవసరమా అని డాక్టరును అడగాలి. అంకె ఎక్కువ వచ్చినా గుండెలు బాదుకోనక్కర్లేదు, అది క్యాన్సరనే కాదు. మూత్రంలో రక్తం కనిపిస్తే మాత్రం ఆ రోజే వెళ్లాలి. తొందరగా పట్టుకుంటే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ.

ఆస్ట్రేలియాలో 2003లో కొందరు స్నేహితులు సరదాగా మీసాలు పెంచారు. మరుసటి ఏడు ఆ మీసాలతోనే ఈ జబ్బు కోసం చందాలు పోగుచేశారు. ఇప్పుడు ఏటా నవంబరులో ఎన్నో దేశాల్లో అదో ఉద్యమం. మన సీమలో కొత్తగా పెంచే పనే లేదు, మీసాలు సిద్ధంగా ఉన్నాయి! విప్పాల్సింది నోరే. వాళ్లు మొహమాటపడితే, డాక్టరుగారి ముందు ఆ మాట మనమే అందుకుందాం. మీసానికొచ్చే లోటేమీ లేదు.