మునక వేరు, ఈత వేరు

విశాఖపట్నంలో పుట్టి పెరిగిన మనిషికి ఈత రాదంటే టొరంటోలో ఎవరూ నమ్మరు. ఆయన కూడా ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. చిన్నప్పుడు ఆర్కే బీచ్‌లో అలలతో పరుగు పందెం, కార్తీక పౌర్ణమికి ముక్కు మూసుకుని మూడు మునకలు. సముద్రంతో ఆ ఇంటి చుట్టరికం నడుంలోతు దాటింది లేదు. ఆ మాటకొస్తే తెలుగు తీరంలో చాలామంది సంగతి ఇంతే. బంగాళాఖాతం ఎంత మొండిదో తెలుసు గనక లోపలికి పోరు. బీచ్ అంటే సాయంత్రం గాలికి కూర్చుని మురీ మిక్చర్ తినే చోటు.

ఆయన భార్యది కరీంనగర్ జిల్లాలో సముద్రం ఊసే లేని పల్లె. ఆమెకు మాత్రం ఈత వచ్చు. ఏడేళ్లప్పుడు నడుముకు బెండు కట్టుకుని వ్యవసాయ బావిలో నేర్చుకున్నారు. లంగా ఓణీ వేసిన రోజు నుంచి ఇంట్లోవాళ్లు ఆమెను బావి వైపు పోనివ్వలేదు. పెళ్లయ్యాక ఈ సంగతి భర్తతో చెబితే, అదో చిన్ననాటి ముచ్చటగా విని ఊరుకున్నారాయన.

2013 చలికాలంలో టొరంటో చేరిన ఈ దంపతులకు మర్నాటి వేసవిలో ఒంటారియో సరస్సు కనిపించింది. ఉప్పు లేదు, ఉరికొచ్చే అలలు లేవు. అవతలి ఒడ్డు మాత్రం కనిపించదు. చెరువుకు పెద్దన్నలాంటిదని ఆయన తీర్మానించారు. అక్కడే పప్పులో కాలేశారు.

ఆ సరస్సు సగటు లోతు 86 మీటర్లు. కొన్నిచోట్ల 244 మీటర్లు కూడా ఉంటుంది. జులై ఎండకు కాగేది పైపొర మాత్రమే. పడమటి గాలో, ఉత్తరపు గాలో ఓ రోజు గట్టిగా వీస్తే ఆ వెచ్చటి పొర లోపలికి జరిగిపోతుంది. అడుగున ఉన్న చల్లటి నీళ్లు టొరంటో ఒడ్డున పైకి తేలతాయి. నిన్న ఇరవై డిగ్రీలున్న నీళ్లు ఇవాళ పదికి పడిపోవచ్చు. పైన ఎండ మాత్రం 30 డిగ్రీలు కాస్తూనే ఉంటుంది. టొరంటో నగరమే ఒకప్పుడు ఈ చలి ముందు తలవంచింది. 1922లో సన్నీసైడ్ దగ్గర సరస్సు స్నానాల కోసం అందమైన భవనం కట్టారు. నీళ్లు మరీ చల్లగా ఉన్నాయని జనం దిగకపోవడంతో, సరస్సు పక్కనే 1925లో ఈత కొలను కట్టాల్సి వచ్చింది. ఇదే సరస్సును 1954లో పదహారేళ్ల మారిలిన్ బెల్ దాదాపు 21 గంటల పాటు ఈది దాటిందంటే ఆ పిల్ల గుండె ధైర్యాన్ని ఊహించుకోవాల్సిందే.

2018 జులైలో ఓ ఆదివారం. సరస్సు అద్దంలా ఉంది. ఎనిమిదేళ్ల కూతురు గాలి నింపిన చిన్న ప్లాస్టిక్ బోటులో కూర్చుంది. నడుంలోతులో నిలబడిన తండ్రి దాని తాడు పట్టుకున్నారు. గాలి వెనక నుంచి, ఊరి వైపు నుంచి వీస్తోంది. అలలు లేకపోవడానికి కారణం అదేనని ఆయనకు అప్పటికి తెలియదు. తాడు చేయి జారింది. ఆయన రెండడుగులు వేసేసరికి బోటు పది అడుగులు పోయింది. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. ఇంకో అడుగు వేయబోతుండగా, "నాన్నా, నువ్వు రాకు! అక్కడే ఉండు!" అని కూతురు అరిచింది.

అక్కడ మూడో తరగతి పిల్లలకు బడి తరఫున నేర్పే పాఠం ఒకటుంది. లోతు నీళ్లలోకి దొర్లిపడి తేరుకోవడం, ఒక నిమిషం ఉన్నచోటే తేలడం, 50 మీటర్లు ఈదడం. బతికి బయటపడటానికి ఇంతే చాలు. మునిగేవాళ్ల వెనక ఈత రానివాళ్లు దూకకూడదన్న సంగతీ ఆ పిల్ల అక్కడే విన్నది. ఒడ్డున పులిహోర డబ్బా తెరుస్తున్న తల్లి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పరుగెత్తుకొచ్చేసరికి, లైఫ్‌గార్డ్ తెడ్లు వేసుకుంటూ బోటును చేరాడు. మొత్తం నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

కెనడాకు కొత్తగా వచ్చినవాళ్లలో ఈత రానివారు స్థానికుల కంటే ఎంతో ఎక్కువని అక్కడి లైఫ్‌సేవింగ్ సొసైటీ చాలాకాలంగా మొత్తుకుంటోంది. అయినా మనవాళ్లు బీచ్‌ను ఫొటో చూసి ఎంచుకుంటారు. ఆయన మాత్రం ఆ వేసవి నుంచి వేరేవి చూడటం మొదలుపెట్టారు. గాలి ఎటు నుంచి? నిన్న వాన పడిందా? కాపలా ఎవరైనా ఉన్నారా?

వాన సంగతి కాస్త విడమరచి చెప్పుకోవాలి. టొరంటో పాత పేటల్లో వాననీరు, మురుగునీరు ఒకే గొట్టంలో పోతాయి. పెద్ద వానకు అవి పొంగి సరస్సులో కలుస్తాయి. అందుకే వేసవిలో రోజూ నీటి నమూనాలు తీసి ఈ.కోలై బ్యాక్టీరియా కోసం పరీక్షిస్తారు. 100 మిల్లీలీటర్లకు వంద దాటితే ఈతకు పనికిరాదని బోర్డు పెడతారు. అయితే ఈ పరీక్ష ఫలితం రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అంటే బోర్డు చెప్పేది నిన్నటి నీళ్ల గురించి. వాన వెలిసిన 48 గంటల దాకా దిగకపోవడమే అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష. ఇన్ని చిక్కులున్నా ఆ నగరంలో వుడ్‌బైన్, హాన్లన్స్ పాయింట్ వంటి నాలుగు తీరాలు 2005లోనే బ్లూఫ్లాగ్ సాధించాయి. మన రుషికొండకు ఆ జెండా 2020లో వచ్చింది. మాంట్రియల్ కథ ఇంకా విచిత్రం. మురుగు గొట్టాల మరమ్మతు కోసమని 2015 నవంబర్‌లో సుమారు 490 కోట్ల లీటర్ల మురుగును సెయింట్ లారెన్స్ నదిలోకి వదిలిన ఆ నగరమే, 2019లో అదే నది ఒడ్డున వెర్డన్‌లో ఈత బీచ్ తెరిచింది.

వెచ్చటి నీళ్లు కావాలంటే లోతు తక్కువ చోటు వెతుక్కోవాలి. సూత్రం అంత తేలిక. జార్జియన్ బే మీద 14 కిలోమీటర్ల వసాగా తీరంలో చాలా దూరం నడిచినా నీళ్లు నడుం దాటవు. ఆదివారమైతే కాలు పెట్టడానికి చోటుండదు, అది వేరే సంగతి. న్యూబ్రన్స్‌విక్‌లో మాంక్టన్ దగ్గరున్న పార్లీ బీచ్‌ది అట్లాంటిక్ నీరే అయినా, అక్కడి జలసంధి లోతు తక్కువ గనక ఆగస్టులో ఇరవై డిగ్రీలు దాటుతుంది. కాకపోతే వెచ్చదనం ఒక్కటే చాలదు. ఒంటారియో ప్రొవిన్షియల్ పార్కుల తీరాల్లో లైఫ్‌గార్డులు ఉండరు. శాండ్‌బ్యాంక్స్ ఇసుక తిన్నెలు చూసి మైమరచే తెలుగు కుటుంబాల్లో ఎందరికి ఈ సంగతి తెలుసో అనుమానమే.

2022లో వాంకూవర్‌లోని బావమరిది ఇంటికి వెళ్లినప్పుడు ఆయనకు నచ్చింది సముద్రం కాదు, ఇంగ్లిష్ బే పక్కన పార్కులో ఓ మంచినీటి ఫౌంటెన్. జో ఫోర్టెస్ అనే నల్లజాతి లైఫ్‌గార్డ్ జ్ఞాపకంగా 1927లో పెట్టింది. కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చిన ఫోర్టెస్ ఆ ఊరి పిల్లలకు తరతరాలుగా ఈత నేర్పారు. 1922లో కన్నుమూశారు. వలస వచ్చినవాడు ఊరివాళ్లకు ఈత నేర్పడమన్న మాట ఆయనను చాలాసేపు ఆ రాతి ముందు నిలబెట్టింది.

ఆమెకు నచ్చిన నీళ్లు వేరే ఉన్నాయి. ఒట్టావా నుంచి అరగంట ప్రయాణంలో, గాటినో పార్క్ కొండల మధ్య మీచ్ సరస్సు. 1987 నాటి రాజ్యాంగ ఒప్పందానికి బేరసారాలు జరిగింది దాని ఒడ్డునే గనక పేరు చరిత్ర పుస్తకాలకెక్కింది. 2023 ఆగస్టులో అక్కడికి వెళ్లినప్పుడు నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. బావిలా ఉందన్నారామె. టీషర్ట్, లెగ్గింగ్స్‌తోనే దిగారు. ఒడ్డున ఎవరూ తలతిప్పి చూడలేదు. కాసేపు మెడలోతులో నిలబడి, ఆ తర్వాత చేతులు ముందుకు చాచారు. పాతికేళ్లు దాటిన విరామం. మొదటి నాలుగు బారలు తడబడ్డాయి. అయిదో బార నుంచి భర్తకు ఆమె తల మాత్రమే కనిపించింది. తాళ్లు కట్టిన హద్దు దాకా పోయి, వెల్లకిలా తిరిగి, ఆకాశం చూస్తూ వెనక్కి వచ్చారు. కూతురు నోరు తెరుచుకుని చూసింది.

ఆ శీతాకాలంలోనే ఆయన ఇంటి దగ్గరి కమ్యూనిటీ సెంటర్ ఈత కొలనులో పెద్దవాళ్ల తరగతిలో చేరారు. గట్టు మీద భార్య, కూతురు కూర్చుంటారు. కూతురికి ఎనిమిదేళ్లప్పుడు పెట్టిన పరీక్షే ఇప్పుడు ఆయన గురి. దొర్లిపడటం వచ్చింది. 50 మీటర్లు రెండుసార్లు ఆగి పూర్తిచేశారు. ఒక్క నిమిషం తేలడం దగ్గరే చిక్కు. కిందటిసారి కూతురు ఫోన్‌లో లెక్కపెట్టింది. 43 సెకన్లు. "కాళ్లు తన్నుకోకండి, సైకిల్ తొక్కినట్టు తొక్కండి" అని గట్టు మీద నుంచి కరీంనగర్ బావి పద్ధతి చెబుతున్నారామె.