టైల్ కింద ఏముంది?



ఈ వారం ఇంట్లో వేసుకునే టైల్స్ గురించి రాస్తున్నాను. పాస్టరుగారికి టైల్స్‌తో ఏం పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. మన రామన్నపేట చుట్టుపక్కల ఊళ్లలో గృహ ప్రార్థనలకు తిరిగే నాలాంటివాడు కుర్చీలో కంటే కింద చాప మీద కూర్చునేదే ఎక్కువ. మోకరించినప్పుడు ఆ ఇంటి నేల ఎలాంటిదో మోకాలికే తెలుస్తుంది. గృహ ప్రతిష్ఠ జరిగి రెండేళ్లు కాని ఇళ్లలో కూడా టైల్ కింద డొల్ల చప్పుడు వినబడుతోంది. మూలల్లో పగుళ్లు, బాత్‌రూం గోడకు తేమ, గడప దగ్గర ఒకటి ఎత్తు ఒకటి పల్లం. ఇల్లు కట్టుకున్న వాళ్ల ముఖంలో ఆ బాధ చూస్తుంటే రాయకుండా ఉండలేకపోయాను.

ఎందుకంటే టైల్స్ పని వచ్చేది ఆఖరున. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇచ్చే 5 లక్షలు పని జరిగిన దశను బట్టి నాలుగు విడతలుగా వస్తాయి. స్లాబు పడి, గోడలకు ప్లాస్టరింగ్ అయ్యేసరికే చాలామంది చేయి ఖాళీ. అప్పటికే చిట్టీ ఎత్తి ఉంటారు, బంగారం బ్యాంకులో ఉంటుంది. అలాంటి డబ్బుతో వేసిన నేలను రెండేళ్లకే పగలగొట్టి మళ్లీ వేయాలంటే, ఊడదీసే కూలి, చెత్త ఎత్తే కూలి, కొత్త టైల్స్, మళ్లీ సిమెంటు... ఒకసారి అయ్యే ఖర్చు రెండింతలు దాటుతుంది.

అసలు మన పెద్దల ఇళ్లలో ఈ బాధ ఇంతగా ఎందుకు లేదు? అప్పుడు వేసినవి తాండూరు బండలు, షాబాద్ బండలు. ఆ రాయి మందం, అడుగు భాగం గరుకు. సుతారి మేస్త్రీ మందంగా మాలు పోసి, సిమెంటు పాలు చల్లి బండ పరిస్తే అది పట్టుకునేది. ఇప్పుడు మనం కొనే విట్రిఫైడ్ టైల్ గుజరాత్‌లోని మోర్బీ వంటి చోట్ల ఫ్యాక్టరీలో తయారై వస్తుంది. అది పలుచన, అడుగు నున్నన, నీళ్లు దాదాపు పీల్చదు. పీల్చేది దాని బరువులో అర శాతం లోపే. నీరు పీల్చని దానిని సిమెంటు గట్టిగా పట్టుకోలేదు. వస్తువు మారింది, వేసే పద్ధతి మాత్రం చాలాచోట్ల పాత బండల కాలం దగ్గరే ఆగిపోయింది. సగం సమస్యలకు మూలం ఇదే.

టైల్ ఏ రకమో తెలుసుకోవడం కష్టం కాదు. వెనక్కి తిప్పి నాలుగు చుక్కల నీళ్లు వేయండి. వెంటనే ఇంకిపోతే అది సిరామిక్, గోడలకు వాడేది. దాన్ని సిమెంటుతో అతికించాలంటే ముందు నీళ్లలో నానబెట్టి, పైతడి ఆరాక పెట్టాలి. లేకపోతే మాలులోని నీళ్లన్నీ అదే తాగేస్తుంది. చుక్కలు అలాగే నిలబడితే అది విట్రిఫైడ్. దానికి సిమెంటు కంటే టైల్ అడెసివ్ మంచిది. బస్తా మీద ఐఎస్ 15477 అనే నంబరు, టైప్ ఏదో చూడండి. ఐదు టైపులు ఉన్నాయి, నేలకా, గోడకా, ఎలాంటి టైల్‌కా అన్నదాన్ని బట్టి అడిగి తీసుకోండి. విట్రిఫైడ్ టైల్ వెనక తెల్లని పొడి ఉంటుంది. దాన్ని తుడవకుండా వేస్తే అడెసివ్ ఆ పొడిని పట్టుకుంటుంది కానీ టైల్‌ను పట్టుకోదు.

వేసే తీరు కూడా ముఖ్యం. నాలుగు మూలలకు, నడుమ ఒకటి ముద్దలు పెట్టి నొక్కేస్తే పైకి బాగానే కనబడుతుంది. ముద్దల మధ్య మాత్రం గాలే. డొల్ల చప్పుడు అక్కడిదే. మంచం కోడు పడినా, రోకలి జారినా పగిలేది ఆ ఖాళీ ఉన్న చోటే. దువ్వెనలా పళ్లున్న తాపీతో అడెసివ్‌ను అంతటా ఒకే దిక్కుకు గీతలుగా లాగి, టైల్‌ను అదిమి పెట్టాలి. మధ్య మధ్యలో ఒక టైల్ ఎత్తి చూడమనండి, వెనకంతా అంటుకుని ఉండాలి. మన దగ్గర మే నెల ఎండకు పరిచిన అడెసివ్ తొందరగా ఆరిపోతుంది. ఒకసారికి రెండు మూడు టైల్స్‌కు సరిపడా మాత్రమే పరచాలి.

టైల్ కంటే ముందు చూడవలసింది నేలను. బేస్‌మెంట్‌లో పోసిన మొరానికి నీళ్లు పెట్టి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టకపోతే, మొదటి రెండు వానాకాలాల్లో అది కుంగుతుంది. పైన ఎంత ఖరీదైన టైల్ ఉన్నా దానితోపాటే దిగుతుంది. కొత్త కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది కాబట్టి నెల రోజులైనా ఆగడం మేలు. పాత బండల మీదే టైల్స్ వేయాలనుకునేవారు ముందుగా ఒక్కో బండను తట్టి చూడండి. కదిలే బండను తీసేయాలి, నున్నని బండను గరుకు చేయాలి. మొత్తం ఎత్తు పెరిగితే తలుపు తెరుచుకుంటుందో లేదో కూడా లెక్క చూసుకోవాలి. గోడకు సున్నమో రంగో ఉంటే గీకి తీయనిదే టైల్ నిలవదు.

గోడ నిటారుగా ఉందో లేదో మట్టపు గుండు చెబుతుంది. ఆమోసు ప్రవక్త దర్శనంలో చూసినది ఈ పనిముట్టునే. గుండు ఎవరి ముఖం చూసీ మాట మార్చదు. వంకర గోడను టైల్ వెనక మాలుతో సర్దేయవచ్చు అనుకుంటే, ఆ మందం ఒకచోట అంగుళం, ఇంకోచోట రెండు అంగుళాలై, ఒకరోజు టైల్ జారి కిందపడుతుంది. ముందు ప్లాస్టరింగ్ సరిచేసుకోవాలి.

సందు లేకుండా టైల్స్ వేస్తే అందం అని చాలామంది అడుగుతారు. ఎండకు ప్రతి వస్తువూ కాస్త పెరుగుతుంది. పెరగడానికి చోటు లేకపోతే టైల్స్ ఒకదాన్నొకటి నెట్టుకుని, నడి ఇంట్లో గుడారంలా పైకి లేస్తాయి. టైల్‌కు టైల్‌కు మధ్య స్పేసర్లు పెట్టి 2 నుంచి 3 మిల్లీమీటర్లు, గోడ అంచున స్కర్టింగ్ కింద దాగేలా ఇంకొంచెం ఎక్కువ సందు వదలమనండి. ఒక ఇంట్లో నలుగురు కలిసి ఉండాలన్నా అంతే కదా, కొంచెం చోటు ఒకరికొకరు ఇచ్చుకోవాలి. రెండు అడుగులు, నాలుగు అడుగుల పెద్ద టైల్స్ ఇటుకల వరసలా సగానికి సగం జరిపి వేయవద్దు. పొడవైన టైల్ నడుమ కాస్త ఉబ్బి ఉంటుంది. పక్కదాని అంచు దానికి ఆనుకుంటే కాలికి తగులుతుంది. మూడో వంతు వరకే జరపాలి.

బాత్‌రూం విషయంలో నా విన్నపం ప్రత్యేకంగా వినండి. టైల్, గ్రౌట్ నీళ్లను పూర్తిగా ఆపవు. ఆపేది వాటి కింద వేసే వాటర్‌ప్రూఫ్ పూత. అది వేశాక, టైల్స్‌కు ముందు, నీళ్లు నింపి రెండు రోజులు ఉంచి చూడండి. ఎక్కడా చెమ్మ రాకపోతేనే ముందుకు వెళ్లండి. నీళ్లు జాలీ వైపు పారేలా అడుగుకు పావు అంగుళం వరకు వాలు ఉండాలి. నేలకు మెరిసే టైల్ వద్దు, గరుకుదే తీసుకోండి. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ పెద్దమ్మలను, తాతలను పరామర్శించడానికి వెళ్లినప్పుడు ఎక్కడ పడ్డారమ్మా అని అడిగితే, ఎక్కువగా వినే మాట బాత్‌రూంలో అనే. అద్దంలా మెరిసే నేల చూసి చుట్టాలు మెచ్చుకుంటారు, దాని మీద రోజూ నడవాల్సింది మీ అమ్మ.

బోరు నీళ్ల తెల్ల మరకలు పోవాలని యాసిడ్ పోయకండి. సందుల్లోని సిమెంటు గ్రౌట్‌ను అది తినేస్తుంది, ఆ దారిన నీళ్లు కిందికి దిగుతాయి. ఏ రోజుకు ఆ రోజు తుడిచి ఆరబెడితే మరక కట్టదు. కొనేటప్పుడు డబ్బాలన్నిటి మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటేనా చూడండి. పదింట ఒక వంతు ఎక్కువ తీసుకుని, మిగిలినవి దాచిపెట్టండి. రేపు ఒకటి పగిలితే అదే రంగు బజారులో దొరకదు.

ఇక మేస్త్రీ మాట. అడుగుకు ఇంత అని బేరమాడి, రేటు బాగా తగ్గించి, మూడు రోజుల్లో అయిపోవాలి అని తొందరపెడితే అతను ఎక్కడ తగ్గిస్తాడు? కనబడని చోటే. ముద్దలు పెడతాడు, పొడి తుడవడు, పూత ఆరకముందే టైల్ వేస్తాడు. పని మొదలవకముందే ఇవన్నీ కూర్చుని మాట్లాడుకోండి, న్యాయమైన కూలి ఒప్పుకోండి, ఒప్పుకున్నది సమయానికి ఇవ్వండి. ఎండలో వంగి పనిచేసేవాడికి మంచినీళ్లు, చాయ్ ఇచ్చి, పక్కన నిలబడి చూడండి. గ్రౌట్ నింపకముందే చెక్క పిడితో ప్రతి టైల్‌నూ తట్టి వినండి. డొల్ల పలికినది అప్పుడైతే సులువుగా మార్చవచ్చు.

ప్రియులారా, ఖర్చు తగ్గించుకోవాలంటే టైల్ డిజైన్‌లో తగ్గించుకోండి, దాని కింద వేసేదాంట్లో కాదు. పైన ఉన్నదాన్ని వచ్చిన చుట్టాలు చూస్తారు. కింద ఉన్నది మీ పిల్లల కాలం వరకు మోస్తుంది.

ఈ సంవత్సరం ఇల్లు కట్టుకుంటున్న ప్రతి కుటుంబాన్నీ, ఆ ఇళ్లలో చెమటోడుస్తున్న ప్రతి మేస్త్రీనీ, కూలీ అక్కనూ ప్రభువు దీవించును గాక. ఆమేన్.