నీళ్ల నొప్పి కాదమ్మా

"ఇది నీళ్ల నొప్పి సారూ, మా ఊర్లో ఎవురికి లేదు?" అన్నది ఆమె. హోసూరు దగ్గర గులాబీ తోటల్లో కూలికి పోయే మనిషి. మూడేళ్ల కిందట బెంగళూరులో రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది.

ఆమె అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. 2013లో హొగేనక్కల్ పథకం కింద కావేరి నీళ్లు వచ్చేదాకా జనం తాగింది ఆ నీళ్లే. నడుము పట్టేసి వంగలేనివాళ్లు ఇక్కడ చాలామంది. కానీ ఫ్లోరైడ్ నొప్పి ఏళ్ల తరబడి మెల్లగా బిగుస్తుంది. ఈమెది రెండు నెలల నొప్పి, రాత్రిళ్లు ఎక్కువ. వెన్నుపూసల మీద బొటనవేలితో నొక్కుతూ వస్తే ఒక్కచోటే ఉలిక్కిపడింది. ఎక్స్‌రేలో ప్రతి పూసా రెండు కళ్లున్న ముఖంలా కనబడుతుంది. ఆ పూసకు ఒక కన్ను లేదు. క్యాన్సర్ తినేసింది.

నిజానికి ఎముకను తినేది క్యాన్సర్ కణం కాదు, మన ఎముకలోని కణాలే. పాత ఎముకను కరిగించే కణాలకు "పని మొదలుపెట్టు" అని చెప్పే ప్రోటీన్ ర్యాంక్‌ఎల్. దాన్ని అడ్డుకునేది ఆస్టియోప్రోటెగెరిన్. క్యాన్సర్ కణం ఎముకలో చేరి ర్యాంక్‌ఎల్‌ను పెంచుతుంది. ఎముక కరిగినప్పుడు అందులో దాగిన వృద్ధి కారకాలు బయటపడి క్యాన్సర్‌నే మేపుతాయి. అది పెరిగితే ఎముక ఇంకా కరుగుతుంది.

ఈ ప్రోటీన్‌కు రొమ్ముతో ఉన్న సంబంధం ఇంకా పాతది. ర్యాంక్‌ఎల్ లేని ఎలుకలకు గర్భం వచ్చినా పాలగ్రంథులు ఎదగవని 2000లో తేలింది. పిల్లకు పట్టే పాలలోని కాల్షియంలో కొంత తల్లి ఎముకల నుంచే రావాలి కదా, రెంటినీ ఒకే ప్రోటీన్ చూసుకోవడం నాకు ఇప్పటికీ అబ్బురమే. 2010లో 'నేచర్' పత్రికలో వచ్చిన రెండు పరిశోధనలు మరో అడుగు వేశాయి: ప్రొజెస్టిరాన్ తరహా హార్మోన్లు ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్‌ను ప్రేరేపించేది చాలావరకు ర్యాంక్‌ఎల్ ద్వారానే. బీఆర్‌సీఏ1 జన్యులోపం ఉన్న స్త్రీలలో ఈ ప్రోటీన్‌ను అడ్డుకుంటే క్యాన్సర్ రాకుండా ఆపగలమా అన్న పరిశోధన అక్కడి నుంచి వచ్చిందే.

ర్యాంక్‌ఎల్‌ను పట్టేసే మందు డెనోసుమాబ్. పళ్లు చూపించి, కాల్షియం, విటమిన్ డి సరిచేసి ఆమెకు మొదలుపెట్టాం, రేడియేషన్ కూడా ఇప్పించాం. నొప్పి తగ్గి నడిచి వస్తోంది. "దీంతో జబ్బు పోతాదా?" అని అడిగితే పోదనే చెప్పాను. తొలిదశ రొమ్ము క్యాన్సర్ ఉన్న 4,509 మంది స్త్రీల మీద చేసిన పరీక్షలో ఈ మందు ఎముకలకు జబ్బు పాకడాన్ని ఆపలేకపోయింది. ఎముక విరగకుండా కాపాడటం దాని పని, అదీ చిన్నది కాదు. రొమ్ము క్యాన్సర్‌కు లెట్రోజోల్ వంటి మాత్రలు వాడే 3,425 మంది స్త్రీలలో, ఆరు నెలలకొక ఇంజెక్షన్‌తో ఎముకలు విరగడం సగానికి తగ్గింది.

అయితే దీన్ని నడుమ మానకూడదు. ఇదే మందు వాడుతున్న రిటైరైన టీచరమ్మ ఒకరు బాగున్నానని తరువాతి ఇంజెక్షన్‌కు రాలేదు. ఏడాది తిరక్కుండా రెండు పూసలు కుంగాయి. క్యాన్సర్ తిరగబెట్టలేదు. మందు ఆగగానే అణిగి ఉన్న, ఎముకను కరిగించే కణాలు ఒక్కసారిగా విజృంభించాయి, అంతే. మానాల్సివస్తే దాని స్థానంలో జోలెడ్రోనిక్ ఆసిడ్ వంటి మందు ఇవ్వాలి.

రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం అయిన ఆడవాళ్లు మీ ఇంట్లో ఉంటే, కొత్తగా ఒకేచోట మొదలై రాత్రిళ్లు పెరిగే ఎముక నొప్పిని నీళ్ల మీదికో వయసు మీదికో నెట్టకండి. కాళ్లు బలహీనపడినా, మూత్రం పోయడంలో తేడా వచ్చినా ఆరోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. డెనోసుమాబ్ వాడుతుంటే ఇంజెక్షన్ తేదీని క్యాలెండర్‌లో రాసిపెట్టండి.