రేలపువ్వు, కొయ్యపుట్టగొడుగు

మంజీరానది చెంతనున్న బీర్కూరు మా గ్రామము. 1931వ సంవత్సరమున పూర్తియైన నిజాంసాగరపు కాలువనీటితో వరి పండు ప్రదేశమది. మా పెరటిలో పశువుల కొట్టము ప్రక్కను తాతగారు నాటిన రేలచెట్టొకటి యుండెను. వేసవిలో ఆకులు రాల్చి, బంగారు గొలుసులవంటి పూగుత్తులను వ్రేలాడగట్టుచుండెను. వచ్చిన చుట్టములకెల్ల దానిని నేనే గర్వముతో చూపుచుంటిని.

ఒక వానకాలము చివర దాని మొదట అరచేయంత కొయ్యపుట్టగొడుగు పుట్టెను. నే నసహ్యించుకొని కొడవలితో చెక్కివైచితిని. మా అవ్వ చూచి, "బిడ్డా, అది పైకి వచ్చినదనిన లోపల నేదియో జరిగినది. మీ నాయనకు చెప్పుము" అనెను. చెప్పినచో చెట్టు కొట్టించునని భయపడి నేను చెప్పలేదు. మరుసటి యేట మరల పుట్టెను, మరల చెక్కితిని.

ఆ పై వేసవిలో చెట్టు మునుపెన్నడును లేనంతగా పూచెను. నా చెట్టునకు రోగము లేదని సంతోషించితిని. ఒకనాటి సాయంకాలము గాలివానకు చెట్టు మొదట విరిగి కొట్టముపై బడెను. పాడిబఱ్ఱె నడుము విరిగి మూడవనాడు చచ్చెను. దూడను విప్పుకొని అప్పుడే యీవలికి వచ్చిన చెల్లెలు వెంట్రుకవాసిలో బ్రతికెను. విరిగిన మ్రానులో చేయి పెట్టి చూచితిని. నడిమి చేవ తడిసిన దూదివలె మెత్తబడియుండెను.

కారణము తరువాత పాఠశాలలో నేర్చితిని. వేళ్ళనుండి నీటిని కొమ్మలకు చేర్చునది బెరడు లోపలి లేతకొయ్య. చెట్టునకు బలమిచ్చి నిలుపునది చేవ. చేవ కుళ్ళినను లేతకొయ్యలో నీరు పారుచున్నంతకాలము చెట్టు పూయుచునే యుండును. పుట్టగొడుగు మొక్కయే కాదు. దానికి పచ్చదనము లేదు; ఎండతో నాహారము చేసికొనజాలదు. దాని దేహము సన్నని దారములై కొయ్యలోపల నేండ్లతరబడి ప్రాకి, కొయ్యను కరగించి తినును. మనము చూచు గొడుగు దాని ఫలము మాత్రమే. ఫలమును కోసినంతమాత్రమున తీగ చచ్చునా?

ఐనను దానిని దూషింపను. అడవిలో పడిన మ్రాకులను మన్నుగా మార్చి, క్రొత్త మొలకలకు చోటిచ్చునది అదియే. నా యెడలను అది రెండుమార్లు నిజమే చెప్పినది. పువ్వు మాట తీయనిది గనుక వింటిని. గొడుగు మాట చేదు గనుక చెక్కివైచితిని.

సోదర విద్యార్థులారా, తప్పంతయు గాలిదేయని మా నాయన నేటికిని అనుచుండును. ఈ సంచిక మా యింటికి చేరినపుడు, ముందుగా ఈ పుటనే ఆయనకు చదివి వినిపింతును.