తొక్కుడుబిళ్ల

మా ఇంట్లో ఉర్దూ. బడిలో తెలుగు. రెండుచోట్లా నాకు బెరుకు లేకుండా వచ్చింది ఒక్కటే, ఆట. తొక్కుడుబిళ్లో ఖోఖోనో ఆడుతున్నంతసేపూ నేను తురకోళ్ల పిల్లను కాను. జట్టులో అందరికంటే ముందు ఉరికేదాన్ని, అంతే.

ఆరో తరగతి దాకా లెక్కల్లో నేనే ఫస్టు. ఇంటర్వెల్లో ఆడి, చెమటతో వచ్చి కూచుంటే లెక్క మీద మనసు ఇట్టే నిలిచేది.

ఏడుకొచ్చాను. "బడీ హోగయీ, అబ్ ఖేల్ కాయ్కు?" అంది అమ్మీ. పెద్దదానివయ్యావు, ఇంక ఆటెందుకని. ఆటల పీరియడ్‌లో చెట్టుకింద కూచుని అందరి సంచులకూ కాపలా కాసేదాన్ని. ఇంటికొస్తే గిన్నెలు, ఆ తర్వాత అమ్మీ కుట్టే చొక్కాలకు కాజాలు. ఆ ఏడు లెక్కల్లో అత్తెసరు మార్కులు. "మీవాళ్లకు చదువెక్కడ అబ్బుతుందిలే" అన్నాడు సారు. ఆయనకు నా మతం కనిపించింది. చెట్టుకింద కట్టేసినట్టు కూచున్న నేను కనిపించలేదు.

ఆట ఒక్కటే కారణమని అనను. చాకిరీ ఉంది, పేదరికం ఉంది. కానీ చాలా ఏళ్ల తర్వాత ఒక సంగతి చదివాను. అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయం వాళ్లు 7 నుంచి 9 ఏళ్ల పిల్లలు 221 మందిని పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించారు. బడి అయ్యాక తొమ్మిది నెలలపాటు ఆడించిన పిల్లలకు, చేసే పని మీద దృష్టి నిలిపే శక్తి మిగతావాళ్లకంటే ఎక్కువ పెరిగిందట. ఆట లెక్కలు నేర్పదు. లెక్క దగ్గర మనసును కూచోబెడుతుంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. గిన్నెలు తోమడం ఆ గంటలోకి వస్తుందా? మీరే చెప్పండి.

మజహబ్ ఒప్పుకోదనేవాళ్లకు ఒక మాట. ఆయిషా ప్రవక్తతో పరుగుపందెం వేసి గెలిచిన సంగతి హదీసులోనే ఉంది. మరి ఆడపిల్ల కాళ్లకు ఈ సంకెళ్లు వేసిందెవరు?

అటువాళ్లకూ ఒక మాట. 2022లో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ బాక్సింగ్ విజేత అయితే 'మన బిడ్డ' అన్నారు. సంతోషం. పతకం తేని పిల్ల కూడా మీ బిడ్డేనా? చెట్టుకింద కూచున్న పిల్లను లేపి, ఆడమ్మా అనే సారు ఒక్కడుంటే చాలు.

ఈ ఏడు నా కూతురు ఏడో తరగతికొచ్చింది. యూనిఫారం సల్వారు పొడుగైందని అమ్మీ మిషన్ ముందు కూచుని అంచు రెండంగుళాలు పైకి మడిచి కుట్టింది. ఉరికేటప్పుడు కాళ్లకు అడ్డం పడకూడదంది.

నా సంగతి ఎత్తలేదు. నేనూ అడగలేదు. కుట్టు గట్టిగా ఉందో లేదో ఒకసారి లాగి చూశాను.