ఒక్క పిన్‌టెయిల్ మాత్రమే

తెల్లవారుజాము నాలుగు. చలికి వేళ్లు పనిచేయట్లేదు. కాలిఫోర్నియాలో విల్లోస్ అనే చిన్న ఊరి దగ్గర, శాక్రమెంటో నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ పార్కింగ్‌లో పికప్ ట్రక్కుల వరస. కొంతమంది రాత్రంతా వాటిలోనే పడుకున్నారు. దేనికంటే, బాతుల్ని కాల్చే ఛాన్స్ కోసం! లాటరీలో పేరు రానివాళ్లు ఖాళీ మిగిలితే దొరుకుతుందేమోనని కాపు కాస్తారట.

మా ఆఫీసులో ఒక పెద్దాయనకి లాటరీ తగిలింది. "నువ్వు తుపాకీ పట్టక్కర్లేదు, ఊరికే చూద్దువుగాని రా" అన్నాడు. అది 2023 డిసెంబరు. పక్షుల కోసం పెట్టిన చోట వేటేంటి అని నాకు లోపల్లోపల కోపంగానే ఉంది. అయినా వెళ్లాను. మా అమ్మమ్మగారి ఊరు కొల్లేటి గట్టున. చిన్నప్పుడు పరజ పిట్టల కూర తిన్నవాణ్ణి నేను. కోపం తెచ్చుకునే హక్కు నాకెంత ఉందో చూసుకోవాలనిపించింది.

చెక్ స్టేషన్‌లో ఆయన కాగితాలు తీస్తుంటే మన ఆర్టీఓ ఆఫీసు గుర్తొచ్చింది. వేట లైసెన్సు, దానికి ముందు పాసైన ట్రైనింగ్ సర్టిఫికెట్, రాష్ట్రం పర్మిట్, ఆపైన డక్ స్టాంపు. ఈ స్టాంపు మీద పెన్నుతో సంతకం పెట్టకపోతే చెల్లదు. 1934లో ఒక డాలరుతో మొదలై ఇప్పుడు 25 డాలర్లయింది. అందులో ప్రతి డాలరులో 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికో, లీజుకి తీసుకోవడానికో వెళ్తాయి. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో ఒకప్పటి చిత్తడి నేలల్లో తొంభై శాతానికి పైగా పొలాలూ ఊళ్లూ అయిపోయాయి. మిగిలిందాంట్లో ఎక్కువ భాగం వేటగాళ్ల క్లబ్బులదే. ఇది విన్నాక నా కోపం కొంచెం గందరగోళంలో పడింది.

చీకట్లో మోకాళ్ల లోతు నీళ్లలో నడుచుకుంటూ వెళ్లాం. చుట్టూ జమ్ము. ఆ బురద వాసన అచ్చం కొల్లేటిదే, ఒట్టు. ప్లాస్టిక్ బాతుల్ని నీళ్లలో వదిలి, జమ్ములో నక్కి కూర్చున్నాం. సూర్యోదయానికి అరగంట ముందు వరకూ ఎవరూ కాల్చకూడదు. ఆయన ఫోన్లో టైమ్ చూస్తూనే ఉన్నాడు. తుపాకీలో మూడు తూటాలకి మించి పట్టకుండా లోపల ఒక ప్లగ్ ఉంటుంది. సీసం గుళ్లు వాడకూడదు, స్టీలు లాంటి విషం లేనివే వాడాలి. నీటి అడుగున పడ్డ సీసాన్ని బాతులు గింజలనుకుని మింగి చచ్చిపోయేవట. అందుకే 1991 నుంచి దేశమంతా బాతుల వేటలో సీసం బంద్.

తెల్లారింది. మంచుబాతుల గుంపు లేచింది చూడండి, ఆకాశం సగం తెల్లబడిపోయింది. ఆ గోలలో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. రీల్ తీద్దామని ఫోన్ తీసి, మళ్లీ జేబులో పెట్టేశాను.

మొదటి దెబ్బకి ఒక పిన్‌టెయిల్ పడింది. సూదిలాంటి తోక, పొడుగు మెడ. కుక్క ఈదుకెళ్లి నోట కరుచుకొచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది. నాకు కడుపులో ఏదో తిప్పింది, దాచను. ఈ జాతే చలికాలంలో ఉత్తరాన ఎక్కడి నుంచో కొల్లేరుకీ పులికాట్‌కీ వస్తుంది.

పావుగంటకి ఇంకో పిన్‌టెయిల్, తలల మీదుగా, చాలా కిందికి వచ్చింది. గురి తప్పే ప్రసక్తే లేదు. ఆయన తుపాకీ దించేశాడు. "రోజుకి ఏడు బాతులు. పిన్‌టెయిల్ అయితే ఒక్కటే, ఈ సీజన్ రూల్" అన్నాడు. చుట్టూ ఎవరూ లేరు. నేను తప్ప చూసేవాడూ లేడు.

మా తాతయ్య రాత్రిళ్లు వల కట్టేవాడు. పొద్దున్నే గోనెసంచి నిండేది. ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. 1972 చట్టం, 1991లో దాని సవరణ, కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించడం, అన్నీ జరిగాయి. వేట పూర్తిగా నిషేధం. కానీ అదే కొల్లేరు చేపల చెరువులైపోయింది. 2006లో గట్లు కొట్టేయాల్సొచ్చింది. పిట్టని చంపకూడదన్న రూలు మనకుంది. పిట్టకి నీళ్లు ఎవరు కొనిపెట్టాలన్న రూలు మాత్రం లేదు. అలాగని ఈయన పద్ధతి మనకి తెచ్చుకుందామంటే మాత్రం నేనొప్పుకోను. మన జనాభాకి, మన చెకింగులకి, వారం తిరక్కుండా సరస్సు ఖాళీ.

మధ్యాహ్నం చెక్ స్టేషన్‌లో ఐదు బాతుల్నీ బల్ల మీద పెట్టించి, జాతులు చూసి, కాగితం మీద రాసుకున్నారు. ఇంటికి చేరేదాకా ప్రతి బాతుకీ తలో, ఈకలతో సహా ఒక రెక్కో ఉంచాలి. ఏ జాతో తెలియాలి కదా.

ఆయన ఒకటి నాకిచ్చాడు. ఇచ్చేముందు చీటీ మీద పేరు, అడ్రసు, తేదీ, జాతి రాసి సంతకం చేసి, కాలికి కట్టాడు.

కార్లోంచి అమ్మకి వీడియో కాల్ చేశాను.

"ఏంట్రా అది, పరజా?"

"అలాంటిదేనమ్మా."

"కాలికి ఆ కాగితమేంటి?"

చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"అల్లం ఎక్కువేసుకో. నీసు వాసనొస్తుంది" అంది.