ఆ గుల్ల ఎవరిది?

'వెన్నెముక లేని మనిషి' అనేది మన భాషలో తిట్టు. ధైర్యం లేనివాళ్లనీ, మాట మీద నిలబడనివాళ్లనీ అలా అంటాం. కానీ భూమ్మీది జంతుజాతుల్లో నూటికి 95కి పైగా వెన్నెముక లేనివే. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నేను ఈ సంగతి పట్టించుకున్నది మాత్రం ఇంట్లో 40 లీటర్ల గాజుతొట్టి పెట్టి, అందులో ఉప్పునీళ్లు నింపాకే.

విశాఖలో ఉంటూ సముద్రపు నీళ్లు ఇంట్లో తయారు చేసుకోవడమేమిటని అందరూ నవ్వారు. తీరం దగ్గరి నీళ్లలో ఊరి మురుగూ రేవు నూనే కలుస్తాయి. వానాకాలం చివర నదులు తెచ్చి పోసే మంచినీటితో బంగాళాఖాతం ఉప్పదనమే తగ్గిపోతుంది. అందుకే ఆర్.ఓ. నీళ్లలో లీటరుకు 35 గ్రాముల చొప్పున సముద్ర లవణాల మిశ్రమం కలిపాను. దీనికి వంటింటి ఉప్పు పనికిరాదు. హైడ్రోమీటరు ముల్లు 1.025 దగ్గర నిలవాలి. ఆ తర్వాత రోజూ నీళ్లు ఆవిరవుతూ ఉంటాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. కాబట్టి తగ్గిన మేరకు మంచినీళ్లే పోస్తుండాలి. రాగి సోకకూడదు. మా అత్తగారు రాత్రి రాగిచెంబులో ఉంచిన నీళ్లు పొద్దున్నే తాగుతారు, ఒంటికి మంచిదని. చేపల జబ్బుకు మందుగా వాడే రాగి రొయ్యకీ పీతకీ నత్తకీ మాత్రం ప్రాణాంతకం.

కొట్టతను పగడపు రాయి తెచ్చిస్తానన్నాడు. వద్దన్నాను. మన దేశంలో పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పింగాణీ రింగులు, కాస్త ఇసుక, ఒక ఎండురొయ్య ముక్కతో మొదలుపెట్టాను. ఆ ముక్క కుళ్లి అమోనియా పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది, ఇంకో రకం నైట్రేటుగా మారుస్తుంది. ఈ రెండు రకాలూ స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకూ ప్రాణిని వదలకూడదు. చూసేవాళ్లకి అది ఉత్త నీళ్లతొట్టి.

ఆ నెలన్నరా మా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఇంకా ఏమీ వెయ్యలేదా?" అని అడిగారు. అదే నోటితో, కాస్త గొంతు తగ్గించి, "ఏమైనా విశేషమా?" అని కూడా అడిగారు. ముప్ఫై దాటిన, పెళ్లయిన ఆడదాన్ని అడగాల్సిన ప్రశ్న అదొక్కటే కదా! ఆరేళ్లు పరిశోధన చేస్తున్నప్పుడూ ఇంతే. పుస్తకం చేతికొచ్చేదాకా నేను ఖాళీగా ఉన్నట్టే లెక్క. కంటికి కనపడని పనిని పనిగా చూడడం మనకి ఎవరూ నేర్పలేదు. రోజుమార్చి రోజు పరీక్షగొట్టంలో చుక్కలు వేసి, నీళ్ల రంగు మారడం చూస్తుంటే, ఆ 'ఖాళీ'లో ఎంత జరుగుతోందో నాకైతే తెలుస్తూనే ఉంది.

తర్వాత రెండు శంఖుపీతలూ ఒక రొయ్యా వచ్చాయి. మూడోవారం పొద్దున రొయ్య శవం కనిపించిందనుకున్నాను. అది కుబుసం. మెత్తటి ఒంటితో రాయి వెనక దాక్కుని, కొత్త పెంకు గట్టిపడేదాకా రొయ్య బయటికి రాలేదు. పీతల కథ వేరు. అవి గుల్ల కట్టుకోలేవు. నత్త వదిలేసిన శంఖంలో కాపురం పెడతాయి, పెరిగినప్పుడల్లా పెద్ద శంఖానికి మారతాయి. వాటికోసం ఖాళీ శంఖాలు నాలుగు తొట్టిలో ఉంచాలి.

ఈ పరాయి గుల్ల సంగతే నన్ను జాన్ విల్‌ప్రూ-పవర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఈమె 1794లో ఫ్రాన్సులో పుట్టింది. పారిస్‌లో బట్టలు కుట్టి, అల్లికపని చేసి బతికింది. పెళ్లయ్యాక సిసిలీలో స్థిరపడి, సముద్రజీవుల్ని బతికుండగానే చూడాలని 1832లో గాజుతొట్టెలు తయారు చేయించింది. ఆర్గొనాట్ అని ఆక్టోపస్ జాతి జీవి ఒకటుంది. దాని పలచటి తెల్ల గుల్ల సొంతమా, శంఖుపీతలా ఎక్కడో సంపాదించిందా అని పండితులు తగువులాడుకునేవారు. జాన్ తన తొట్టెల్లో దాన్ని పెంచి, గుల్లని కాస్త విరగ్గొట్టి, అది తానే బాగుచేసుకోవడం చూసింది. గుల్ల దానిదే. ఇంకో మాట, ఆ గుల్ల కట్టేది ఆడది మాత్రమే. తన గుడ్లకోసం కడుతుంది.

ఇది చదివాక నా వైవా గుర్తొచ్చింది. పెద్దాయన ఒకరు సిద్ధాంత గ్రంథం తిరగేస్తూ "మీవారు కూడా సాహిత్యమేనామ్మా?" అన్నారు. మా ఆయన ఇంజనీరు. ఆ ప్రశ్నలో తప్పేమీ కనపడదు. ఆర్గొనాట్‌ని అడిగిందీ ఆ ప్రశ్నే. ఇంత అందమైన గుల్ల నీకెవరిచ్చారు?

కానీ ఈ కథని మన విజయగాథగా చెప్పి ఆపేయలేను. 1846లో అన్నా థిన్ అనే ఇంగ్లీషావిడ టార్కీ తీరం నుంచి రాతిపగడాల్ని రాతిజాడీలో లండన్ తెచ్చి బతికించింది. నీళ్లకి గాలి పట్టించడానికి, తెరిచిన కిటికీ ముందు వాటిని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి వంచుతూ ఉండాలి. రోజూ ఆ పని చేసింది ఆమె ఇంట్లో పనిమనిషి. అన్నా పేరు చరిత్రలో ఉంది. ఆ పగడాల్ని బతికించిన చేతులకి ఏ పేరుందో ఆ చరిత్ర చెప్పదు.

మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. వారానికో 20 లీటర్ల క్యాను పైకి తెచ్చేది మా ఇంట్లో పనిచేసే ఆమె. ఈ వ్యాసంలో నీ పేరు రాయనా అని అడిగాను. నవ్వింది.

"పేరు రాత్తే నాకేటొత్తాదమ్మా? మోసినందుకు ఏటిత్తన్నావో అది రాయి."

జీతం కాక క్యానుకి 30 రూపాయలు. వచ్చే నెల నుంచి 40 కావాలంటోంది. న్యాయమే.